ఆగి వచ్చే బంతి: సాఫ్ట్‌బాల్ అమ్మాయిల టైమింగ్ గొడవపై ఒక సమీక్ష

క్రికెట్ వ్యాఖ్యానం వినేవాళ్లకు ‘బంతి ఆగి వస్తోంది’ అన్న మాట కొత్త కాదు. పిచ్ మందకొడిగా ఉన్న రోజున షాట్ ముందే ఆడేసి, బంతిని గాల్లోకి లేపి, తల పట్టుకుని వెనుదిరిగే బ్యాటర్‌ని చూసి అనే మాట అది. సాఫ్ట్‌బాల్‌లో పిచ్ లేదు, బంతి నేలను తాకదు. చిక్కు మాత్రం అదే. గంటకు 90 కిలోమీటర్లకు పైగా విసిరే మెషీన్ ముందు చెడామడా బాదే పదమూడేళ్ల అమ్మాయి, మ్యాచ్‌లో 60 దాటని పిచర్ ఎదురైతే తడబడుతుంది. ఒక బంతి ఎడమ గీత అవతలికి ఫౌల్. ఇంకోటి షార్ట్‌స్టాప్ చేతుల్లోకి మెత్తని గ్రౌండర్. మూడోది నెత్తిమీద లేచిన క్యాచ్.

అప్పుడు సలహాలు మొదలవుతాయి. ‘ఆగమ్మా, తొందరపడకు’ అని కోచ్ అంటాడు. బ్యాటర్ నిలబడే బాక్సులో ముందుకు జరగమని కంచె బయటి నుంచి తండ్రి అరుస్తాడు. వెనక్కి జరిగితే బంతిని ఇంకాసేపు చూడొచ్చని తోటి ఆటగత్తె చెబుతుంది. ఎవరి దగ్గరా కారణం లేకపోలేదు. అందుకే వాదన తెగదు. దాదాపు యాభై ఏళ్లుగా బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ కోచ్‌లూ, కదలికల మీద పరిశోధించేవాళ్లూ దీని మీద చెప్పినవాటిని ఒకచోట పెట్టి చూస్తే, అందరూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదని తెలుస్తుంది.

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఈ ప్రశ్న రూపం

సాఫ్ట్‌బాల్ మనకు నిన్నగాక మొన్న వచ్చిన ఆటేమీ కాదు. 1887లో షికాగోలో చలికాలపు ఇండోర్ కాలక్షేపంగా పుట్టింది. భారత సాఫ్ట్‌బాల్ సంఘం 1961 నాటిది. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, 17, 19 విభాగాల్లో అమ్మాయిలు ఆడుతూనే ఉన్నారు. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ క్రీడా కేంద్రం పల్లెటూరి పిల్లల చేతికి ఈ బ్యాట్ ఇచ్చింది. ఒలింపిక్స్‌లో 1996 నుంచి 2008 దాకా ఉండి, టోక్యోలో ఒకసారి తిరిగొచ్చి, మళ్లీ 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల జాబితాలోకి చేరింది.

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, నల్లగండ్ల వైపు ఈ ఆటకు వచ్చే అమ్మాయిలు సాధారణంగా రెండు దారుల్లో వస్తారు. మొదటిది క్రికెట్. సికింద్రాబాద్‌లో ఆట నేర్చుకున్న మిథాలీ రాజ్‌నీ, 2025 అండర్-19 టీ20 ప్రపంచకప్‌లో 309 పరుగులు చేసి టోర్నీ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిన గొంగడి త్రిషనీ చూసి నెట్స్‌కు వెళ్లి, బడిలో సాఫ్ట్‌బాల్ జట్టుకు కూడా ఎంపికైన పిల్లలు వీళ్లు. రెండోది అమెరికా. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఫ్రీమాంట్‌లోనో చిన్నప్పుడే ఫాస్ట్‌పిచ్ మొదలుపెట్టి, తల్లిదండ్రుల ఉద్యోగాలతో పాటు ఇటు తిరిగొచ్చినవాళ్లు. అక్కడే ఉండిపోయిన తెలుగు పిల్లలకూ ఇదే బాధ ఇంకో రూపంలో ఉంటుంది. ప్రైవేటు కోచింగ్‌లో వేగమైన బంతులు ఆడి, శనివారం కాలనీ లీగ్‌లో నెమ్మది పిచర్ ముందు నిలబడాలి.

రెండు దారుల వాళ్లూ సాధన చేసేది మాత్రం ఒకలాంటి చోటే: అద్దెకు తీసుకున్న టర్ఫ్, చుట్టూ వల, ఓ మూల ఒకే వేగానికి బిగించిన మెషీన్. టర్ఫ్ ఖరీదు గంటల లెక్క కాబట్టి ఎన్ని ఎక్కువ బంతులు ఆడితే అంత గిట్టుబాటు అన్న లెక్కా ఉంటుంది. ఈ ఏర్పాటులో ఒక లోపం దాగి ఉంది. ముందే కొట్టేసిన బంతి మైదానంలో అయితే ఫౌల్ గీత దాటి పరువు తీస్తుంది. వలలో అయితే పక్క వలకు తగిలి ‘ధన్’మని చక్కటి శబ్దం చేస్తుంది. తప్పు చేసిన పిల్లకు శభాష్ దక్కుతుంది.

లెక్క వేసి చూస్తే

ఈ విషయంలో అభిప్రాయాల కన్నా అంకెలు ముందు చూడటం మేలు.

పెద్దల మహిళల సాఫ్ట్‌బాల్‌లో పిచర్ నిలబడే పలక నుంచి హోం ప్లేట్‌కు దూరం 13.11 మీటర్లు. అమెరికా పిల్లల లీగుల్లో పన్నెండేళ్లలోపు వాళ్లకు 12.19, పదేళ్లలోపు వాళ్లకు 10.67. పిచర్ ముందుకు అడుగేసి వదులుతుంది కాబట్టి పెద్ద దూరంలో బంతి నిజంగా ప్రయాణించేది సుమారు 11.3 మీటర్లు. గాలి నిరోధాన్ని పక్కన పెట్టి లెక్క వేస్తే, గంటకు 96 కిలోమీటర్ల బంతి 0.42 సెకనులో ప్లేట్ చేరుతుంది. 64 కిలోమీటర్ల బంతికి 0.64 సెకను పడుతుంది. తేడా సెకనులో అయిదో వంతు. వేగమైన బంతికి సరిపోయే క్షణంలో బ్యాట్ తిప్పేస్తే, ఆ సమయానికి నెమ్మది బంతి ఇంకా మూడున్నర మీటర్లకు పైగా దూరంలో ఉంటుంది.

బ్యాట్ మొన గంటకు 80 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే సెకనులో వందో వంతుకే బ్యాట్ సుమారు 14 డిగ్రీలు తిరిగిపోతుంది. బంతి మైదానం మధ్యకు పోవాలా, గీత అవతలికి పోవాలా అన్నది ఒకట్రెండు వందో వంతుల్లోనే తేలిపోతుందన్నమాట. కాబట్టి అయిదో వంతు సెకను ముందు కదిలిన అమ్మాయి స్వింగ్ మధ్యలో దిద్దుకుని బయటపడలేదు. దిద్దుబాటు ఏదైనా మొదలుపెట్టే ముందే జరగాలి.

సలహాదారుల నోట ఎక్కువగా వినబడని అంకె ఇంకోటుంది. ప్రయాణంలో ఉన్నంతసేపూ బంతిని భూమి లాగుతూనే ఉంటుంది. తిన్నగా వదిలిన గీతతో పోలిస్తే 96 కిలోమీటర్ల బంతి 88 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. 64 కిలోమీటర్ల బంతి దాదాపు 2 మీటర్లు దిగుతుంది. స్ట్రయిక్ పడాలంటే నెమ్మది పిచర్ బంతిని కాస్త పైకి ఎత్తి వేయక తప్పదు. నడుము దగ్గర వదిలిన బంతి నడుము ఎత్తులోనే ప్లేట్ దాటుతోందనుకుంటే, వేగమైనది సుమారు 4 డిగ్రీల వాలులో వస్తుంది, నెమ్మదిది 9 డిగ్రీలు దాటిన వాలులో. అంటే నెమ్మది బంతి ఆలస్యంగా రావడమే కాదు, వేరే దారిన పైనుంచి దిగుతుంది. ఈ రెండో సంగతిని వదిలేసి మొదటిదాని గురించే మాట్లాడటం వల్ల చర్చ సగానికి సగం గాడి తప్పిందని నా అభిప్రాయం.

రెండు జబ్బులు, ఒకే మందు

నెమ్మది బంతి అన్నప్పుడు కొందరి మనసులో ఉండేది చేంజప్. చేతి వేగం మారదు, బంతి మాత్రం మందగిస్తుంది. మోసమే దాని బలం. 2008 బీజింగ్‌లో రెండు రోజుల్లో 413 బంతులు వేసి జపాన్‌కు స్వర్ణం తెచ్చిన యుకికో ఉఎనో లాంటి పిచర్లు వేగంతో పాటు ఇలాంటి మార్పుల మీదా బతుకుతారు. ఇంకొందరి మనసులో ఉండేది మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా నెమ్మదిగానే వేసే పిచర్. చేతిని చుట్టూ తిప్పి విసిరే విండ్‌మిల్ పద్ధతి పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది కాబట్టి బడి స్థాయిలో ఎదురయ్యేది ఎక్కువగా ఈ రెండో రకమే.

మొదటి రకం మీద పరిశోధన దండిగా ఉంది. పరిశోధకుడు రాబ్ గ్రే 2002లో కాలేజీ బేస్‌బాల్ ఆటగాళ్లను కంప్యూటర్ సృష్టించిన పిచర్ ముందు నిలబెట్టి చూశాడు. వరుసగా వేగమైన బంతులు చూసినవాడు ఆ తర్వాత వచ్చిన నెమ్మది బంతికి ఘోరంగా తప్పాడు. కన్ను చూసిందొక్కటే చాలదు, మునుపటి బంతులు పెంచిన అంచనా కూడా బ్యాట్‌ను కదిలిస్తుందని దాని సారం. దీనికి చాలా ముందే, 1984లో, బాహిల్, లారిట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు, బ్యాటర్ బంతిని చివరిదాకా కళ్లతో వెంబడించలేడని కొలిచి చూపారు. ‘బంతి మీదే చూపు పెట్టు’ అని రోజూ చెప్పే కోచ్‌లకు ఆ కొలత అంతగా రుచించలేదు.

మరి రోజంతా నెమ్మదిగా వేసే పిచర్ సంగతి? గ్రే చెప్పినట్టు అంచనాను పెంచేది మునుపటి బంతులే అయితే, నాలుగైదు బంతులు చూశాక అమ్మాయి సర్దుకోవాలి. కొందరు సర్దుకుంటారు కూడా. సర్దుకోనివాళ్ల విషయంలో మూడు కారణాలు కనిపిస్తాయి. మ్యాచ్ మొత్తంలో ఆమె చూసేది పది పదిహేను బంతులే, వాటి వెనక ఉన్నది వారమంతా చూసిన వందల మెషీన్ బంతుల అలవాటు. రెండోది, ముందు చెప్పిన నిటారు వాలు: టైమింగ్ కుదిరినా బ్యాట్ దారి బంతి దారికి అడ్డంగా పోతుంది. మూడోది మనసు. తేలిక బంతి అనగానే ఈసారి కంచె దాటించాలన్న ఉబలాటం. దీన్ని కొలిచే పరికరం లేదు కానీ కోచ్ కళ్లకు తెలుస్తుంది.

చేంజప్‌కు చేయాల్సిన చికిత్స వేరు, నిదానపు పిచర్‌కు చేయాల్సింది వేరు. ఒకదాని సలహాను ఇంకోదానికి వాడటమే గందరగోళానికి పునాది.

ఆగమనేవాళ్లు, ఆగొద్దనేవాళ్లు

అన్నిటికన్నా పాతదీ, ఎక్కువమంది చెప్పేదీ ఆగమనే పద్ధతి. బంతిని లోపలిదాకా రానివ్వాలి, వెనక పాదం మీద బరువు నిలుపుకోవాలి, ప్లేట్ మీదకొచ్చాక కొట్టాలి. చెప్పడం సులువు. పిల్లకు వెంటనే అర్థమవుతుంది. ముందుకు పడిపోయే శరీరాన్ని ఇది కొంత ఆపుతుంది కూడా.

ఇబ్బంది ఎక్కడంటే, ఆగమన్నప్పుడు ఏది ఆగాలో చెప్పకపోవడంలో. పిల్ల మొత్తానికి మొత్తం బిగుసుకుపోతుంది. చేతులు, నడుము, పాదం అన్నీ ఒక్కసారి నిలిచిపోతాయి. బంతి దగ్గరపడ్డాక ఒక్క ఉదుటున కదలాలి. ఆ ఉదుటులో స్వింగ్ బలమూ పోతుంది, దారీ చెడుతుంది. పైగా వాలు గుర్తు తెచ్చుకుంటే, నెమ్మది బంతిని ఎంత లోపలికి రానిస్తే అంత కింద కొట్టాల్సి వస్తుంది.

ఆగొద్దు, నెమ్మదిగా కదులుతూ ఉండమనేది లయ పద్ధతి. దీని మూలాలు బేస్‌బాల్ కోచ్ ఛార్లీ లా 1980లో రాసిన బ్యాటింగ్ పుస్తకం దాకా వెళ్తాయి. వెనక్కి బరువు వేయడం, అక్కడి నుంచి ముందుకు తేవడం, ఈ రెంటి మధ్య తెంపు లేకపోవడం ఆయన చెప్పిన ముఖ్య సూత్రాలు. నెమ్మది పిచర్ ఎదురైతే ఈ పద్ధతి ప్రకారం స్వింగ్‌ను మార్చక్కర్లేదు, దానికి ముందు జరిగే సన్నాహాన్ని సాగదీస్తే చాలు. పిచర్ చేయి తిరగడం మొదలవగానే బరువు వెనక్కి వెళ్లడం మొదలవుతుంది, కాకపోతే నిదానంగా.

ఈ శిబిరంలోనే ఒక అంతర్గత కలహం ఉంది. ముందు పాదం ఎప్పుడు నేల తాకాలి? వేగమైన బంతికి తగ్గట్టు ముందే దింపి, చేతులు మాత్రం వెనక ఉంచుకుని నిరీక్షించమంటారు కొందరు. అప్పుడు వేగమైనదీ నెమ్మదిదీ రెండూ అందుతాయని వాళ్ల వాదం. పాదం దిగాక ఎక్కువసేపు నిలబడితే తెచ్చుకున్న ఊపంతా చల్లారిపోతుందనీ, పాదం కూడా బంతితో పాటే నిదానించాలనీ అవతలి వాళ్లంటారు. చేంజప్ కలిపి వేసే పిచర్ ఎదుట మొదటిదే నమ్మదగినది, ఎందుకంటే ఏది వస్తుందో ముందు తెలియదు. రోజంతా నెమ్మదిగా వేసే పిచర్ ఎదుట రెండోది మెరుగు. పిచర్ రకం చెప్పకుండా వాదించుకుంటే ఈ కలహం ఎప్పటికీ తీరదు.

బేస్‌బాల్ బ్యాటర్ టెడ్ విలియమ్స్ 1971లో రాసిన పుస్తకం టైమింగ్ గురించి కన్నా బ్యాట్ దారి గురించి ఎక్కువ పట్టించుకుంది. బంతి కిందికి దిగుతూ వస్తుంది కాబట్టి బ్యాట్ కాస్త పైకి లేస్తూ పోవాలన్నది ఆయన వాదం. అప్పట్లో బ్యాట్‌ను కిందికి కొట్టమని నేర్పే కోచ్‌లే ఎక్కువ. బంతి దారి వెంటే బ్యాట్ కూడా పోతే రెండూ కలిసే అవకాశం ఒక బిందువు నుంచి ఒక గీతగా మారుతుంది, టైమింగ్ కొంచెం తప్పినా నష్టం తక్కువ. నెమ్మది సాఫ్ట్‌బాల్‌కు ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది: వాలు రెట్టింపుకు పైగా ఉంది కదా. మెషీన్ బంతులకు చదునైన స్వింగ్ అలవాటైన పిల్ల నెమ్మది బంతి పైభాగాన్ని తాకించి గ్రౌండర్లు కొడుతుంటే, అది తొందరపాటు కాకపోవచ్చు. దారి పొసగకపోవడం కావచ్చు. ఆమెకు ఆగమని ఎన్నిసార్లు చెప్పినా ఫలితం ఉండదు.

స్వింగ్‌నే నెమ్మదిగా చేయమనే చిన్న వర్గం కూడా ఉంది. కోచ్‌లకు ఇది వినడానికే గిట్టదు. కదిలే వస్తువును అందుకునే చర్యల మీద జరిగిన ప్రయోగాల్లో మాత్రం మనుషులు వేగమైన లక్ష్యానికి వేగంగా, నెమ్మది లక్ష్యానికి నెమ్మదిగా చేయి కదపడం మళ్లీ మళ్లీ కనిపించింది. శరీరం స్వభావం అదే అయితే దాన్ని వంద శాతం అణచాలా, కొంత ఒప్పుకోవాలా? ఒప్పుకుంటే బంతి దూరం పోదు. అణిస్తే మొదలుపెట్టే క్షణం మీదే భారమంతా పడుతుంది.

బాక్సులో ముందుకా, వెనక్కా

కంచె బయటి తండ్రి సలహా ఇప్పుడు చూద్దాం. బ్యాటర్ నిలబడే బాక్సు పొడవు 2.13 మీటర్లు. అందులో పిల్ల మహా అయితే అర మీటరు, అరవై సెంటీమీటర్లు ముందుకో వెనక్కో జరగగలదు.

64 కిలోమీటర్ల బంతికి 60 సెంటీమీటర్లంటే సెకనులో వందకు మూడు వంతులు. వేగానికీ నెమ్మదికీ మధ్య మనం చూసిన తేడా వందకు ఇరవై ఒకటి. కాబట్టి ముందుకు జరగడం వల్ల టైమింగ్ కుదురుతుందన్నది లెక్కకు నిలవని మాట. ముందుకు జరిగితే బంతి త్వరగా వస్తుంది, తొందరపడే పిల్లకు మేలే, కానీ జబ్బులో ఏడో వంతే నయమవుతుంది. వెనక్కి జరిగితే ఎక్కువసేపు చూడొచ్చన్న తోటి ఆటగత్తె మాట ఇంకా అడ్డదిడ్డం: తొందరపడేదాన్ని మరికాసేపు నిలబెడుతుంది.

అయినా ముందుకు జరగమన్న సలహా పనికిరానిది కాదు. కారణం వేరే. 9 డిగ్రీల వాలులో దిగే బంతి 60 సెంటీమీటర్లు ముందు దాదాపు 9 సెంటీమీటర్లు ఎత్తున ఉంటుంది. అంటే ఇంచుమించు సాఫ్ట్‌బాల్ వ్యాసమంత. మోకాళ్ల దగ్గర కొట్టాల్సిన బంతి తొడల ఎత్తులో దొరుకుతుంది. తండ్రి చెప్పింది సరైనదే, చెప్పిన కారణం సరైనది కాదు.

క్రికెట్ నుంచి వచ్చిన అమ్మాయి ఇక్కడ ఒక పొరపాటు చేసే వీలుంది. నిదానపు స్పిన్నర్‌ను క్రీజు దాటి ముందుకెళ్లి ఆడటం ఆమెకు ఒంటబట్టిన విద్య. సాఫ్ట్‌బాల్‌లో పాదం పూర్తిగా బాక్సు గీత బయట నేల మీద ఉండగా బంతిని తాకిస్తే ఔట్. జరగాల్సింది బంతి రాకముందే.

మెషీన్, చేయి, కలగలుపు

సలహాలు అటుంచి, సాధన పద్ధతిని బట్టి చూస్తే సాక్ష్యం ఒకవైపు కాస్త గట్టిగా మొగ్గుతుంది.

1994లో హాల్, డొమింగెజ్, కవాజోస్ అనే ముగ్గురు పరిశోధకులు 30 మంది కాలేజీ బేస్‌బాల్ ఆటగాళ్లను మూడు గుంపులు చేశారు. ఆరు వారాలపాటు రెండు గుంపులకు అదనపు సాధన ఇచ్చారు. విడతకు 45 బంతులు: 15 వేగమైనవి, 15 వంపు తిరిగేవి, 15 చేంజప్‌లు. ఒక గుంపుకు ఒక్కో రకం వరుసగా, ఇంకో గుంపుకు ఏది వస్తుందో తెలియకుండా కలగలిపి. చివర్లో వరుస గుంపు సుమారు 25 శాతం మెరుగుపడితే కలగలుపు గుంపు 57 శాతం మెరుగుపడింది. అదనపు సాధన లేని గుంపు 6 శాతం దగ్గర ఆగింది. సాధన రోజున మాత్రం కలగలుపు గుంపు వాళ్లు ఎక్కువగా తప్పుతూ కనిపిస్తారన్నది ఈ తరహా పరిశోధనల్లో తరచూ వచ్చే ఫలితం. గంటకింత అని టర్ఫ్ అద్దె కట్టే తల్లిదండ్రులకు తమ పిల్ల ఈ పూట నాలుగింట మూడు వదిలేసిందని చూడటం కష్టమే. కోచ్ ఒత్తిడికి లొంగి మెషీన్‌ను ఒకే వేగానికి బిగించడం అర్థం చేసుకోదగిన బలహీనత.

మెషీన్ మీద అభ్యంతరం వేగం ఒక్కదాని గురించే కాదు. ఇయాన్ రెన్‌షా, ఆయన సహచరులు 2007లో క్రికెట్ బ్యాటర్లను బౌలింగ్ మెషీన్ ఎదుటా, నిజమైన బౌలర్ ఎదుటా పరీక్షించి, కదలికల సమయాలు రెంటికీ వేరుగా ఉన్నాయని చూపారు. మెషీన్ నుంచి బంతి ఊడిపడుతుంది. చేయి అయితే ముందే సంగతి చెబుతుంది: భుజం, తుంటి, మణికట్టు, పిచర్ అడుగు పొడవు. 2004లో అమెరికా పిచర్ జెన్నీ ఫించ్ ఒక ప్రదర్శన మ్యాచ్‌లో ఆల్బర్ట్ పుహోల్స్ లాంటి బేస్‌బాల్ దిగ్గజాన్ని ఔట్ చేసినప్పుడు, అతనికి కొరవడింది వేగాన్ని ఎదుర్కొనే శక్తి కాదు. కింద నుంచి వచ్చే చేతిని చదివిన అనుభవం. డేవిడ్ ఎప్‌స్టీన్ 2013 నాటి తన పుస్తకంలో ఈ ఘటనను వివరంగా చర్చించాడు.

క్రికెట్ పిల్లలకు ఇంకో లోటుంది. లాండ్, మెక్‌లౌడ్ 2000లో బ్యాటర్ల కంటి కదలికలను రికార్డు చేస్తే, మంచి బ్యాటర్ బంతి వదిలిన వెంటనే అది పడబోయే చోటుకు చూపు దూకిస్తాడని తేలింది. బంతి పడిన చోటే ఆ ఆటలో వాళ్ల గడియారం. సాఫ్ట్‌బాల్‌లో ఆ చోటే లేదు. అందుకే క్రికెట్ బాగా ఆడే అమ్మాయి ఇక్కడ తడబడితే ఆశ్చర్యపడనక్కర్లేదు. ఆమె వెతికే గుర్తు నేల మీద ఉండదు, పిచర్ తుంటి పక్కన ఉంటుంది.

మెషీన్‌ను పూర్తిగా తీసిపారేయమనేవాళ్లతో ఏకీభవించలేను. స్వింగ్ దారి సరిచేసేటప్పుడు ఒకే చోటుకు ఒకే తీరుగా వచ్చే బంతులు కావాలి. టీ (బంతిని నిలిపి ఉంచే కర్ర) మీద పెట్టిన బంతికైనా ఆ విలువ ఉంది. టైమింగ్ నేర్పడానికి మాత్రం చేత్తో వేసే బంతికి సాటి లేదు. దానికి బలమైన చేయి కూడా అక్కర్లేదు. వల చాటున 6 మీటర్ల దూరం నుంచి గంటకు 34 కిలోమీటర్లతో కింద నుంచి విసిరితే చాలు, పెద్ద దూరంలో 64 కిలోమీటర్ల బంతికి పట్టే 0.64 సెకనే దీనికీ పడుతుంది. అదే చోటు నుంచి 50 దాటించి విసిరితే 96 కిలోమీటర్ల బంతి సమయం వస్తుంది. రెండూ కలిపి, చెప్పకుండా వేయాలి. గచ్చిబౌలిలోనే బ్యాడ్మింటన్ కోచ్‌లు పక్కన షటిళ్ల గుట్ట పెట్టుకుని చేత్తో వేగం మార్చి మార్చి వేస్తుంటారు. ఆ ఆటలో దాన్ని వింతగా ఎవరూ చూడరు.

పక్కపక్కన పెడితే

ఆగమనే పద్ధతి ముందుకు పడిపోయే పిల్లకు పనికొస్తుంది, బిగుసుకుపోయే పిల్లకు కీడు చేస్తుంది. లయ పద్ధతి దాదాపు అందరికీ సరిపడుతుంది కానీ చెప్పడం కష్టం, ఫలితం కనబడటానికి వారాలు పడుతుంది. అందుకే రేపు మ్యాచ్ అనగా ఎవరూ దాన్ని ఎత్తుకోరు. బాక్సులో ముందుకు జరగడం మ్యాచ్ మధ్యలోనే చేయగల ఏకైక పని, అది ఎత్తును సరిచేస్తుంది, సమయాన్ని కాదు. బ్యాట్ దారి మార్పు గ్రౌండర్లు కొట్టే పిల్లకు, ఎడమవైపు ఫౌల్‌లు కొట్టే పిల్లకు కాదు. కలగలుపు సాధన చేంజప్‌కు అసలైన మందు, నిదానపు పిచర్‌కు ముందుజాగ్రత్త. కుడిచేతి బ్యాటర్‌ను సెకండ్ బేస్ నెత్తిమీదుగా కుడివైపు కొట్టమనే పాత చిట్కా కూడా ఒకటుంది. ఏ సిద్ధాంతం మీదా ఆధారపడకుండానే అది పనిచేస్తుంది, ఎందుకంటే అటు కొట్టాలనుకున్న పిల్ల ఆలస్యంగా మొదలుపెట్టక తప్పదు. ఆగమని చెప్పకుండా ఆపడం అది.

మొదట ఏ తప్పు జరుగుతోందో చూడాలి, అప్పుడే ఏ పద్ధతి అన్న ప్రశ్న వస్తుంది. గీత అవతల ఫౌల్‌లు, షార్ట్‌స్టాప్ వైపు మెత్తని గ్రౌండర్లు, గాల్లోకి లేచే క్యాచ్‌లు ఒకే తప్పుకు మూడు రూపాలు కావు.

తేలనివి

పై పరిశోధనల్లో చాలా మటుకు కాలేజీ వయసు, అంతకు పైబడిన మగ ఆటగాళ్ల మీద, అదీ బేస్‌బాల్‌లోనో క్రికెట్‌లోనో జరిగినవి. పన్నెండు పద్నాలుగేళ్ల మధ్య ఏడాదిలో చేతులూ కాళ్లూ పొడవు పెరిగి, బ్యాట్ బరువు కూడా మారే అమ్మాయికి అవే అంకెలు వర్తిస్తాయని చెప్పే ఆధారం బలంగా లేదు. కలగలుపు సాధన మరీ కొత్తగా నేర్చుకునేవాళ్లకు త్వరగా ఇస్తే అయోమయమే మిగులుతుందన్న అభ్యంతరం కదలికల శాస్త్రంలో ఇంకా బతికే ఉంది. స్వింగ్ నాలుగు నెలలైనా నిలకడగా కుదిరాక మొదలుపెట్టాలని కొందరు, మొదటి వారం నుంచే అని కొందరు.

స్వింగ్ వేగాన్ని తగ్గించాలా వద్దా అన్నదీ తేలలేదు. 1987లో పీటర్ మెక్‌లౌడ్ క్రికెట్ బ్యాటర్లతో చేసిన ప్రయోగం ప్రకారం చివరి అయిదో వంతు సెకనులో కన్ను ఏం చూసినా చేతులు దాన్ని వాడుకోలేవు. దాన్ని ఇక్కడికి తెస్తే వేగమైన బంతికి నిర్ణయించుకునే వ్యవధి 0.22 సెకను, నెమ్మది బంతికి 0.44. రెట్టింపు. ఆ రెట్టింపు వ్యవధిలో పిల్ల మంచి నిర్ణయం తీసుకుంటోందా, తీసుకున్న మంచి నిర్ణయాన్ని మళ్లీ మార్చుకుంటోందా? మైదానంలో చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

దీన్ని విడదీసి చూసే సాధనం ఇప్పుడు ఈ ప్రాంతపు తల్లిదండ్రుల జేబుల్లోనే ఉంది. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్‌లో ఒక్కో ఫ్రేము 0.004 సెకను. పిచర్ చేతి నుంచి బంతి వదిలిన ఫ్రేము, బ్యాటర్ ముందు పాదం దిగిన ఫ్రేము, చేతులు ముందుకు కదిలిన ఫ్రేము, బంతి తగిలిన ఫ్రేము. ఈ నాలుగు రాసుకుంటూ పోతే ఒక సీజన్‌కు, ఒక్క పిల్ల విషయంలోనైనా, పాదం ముందు దిగడం వల్ల తప్పుతోందో, చేతులు ముందు కదలడం వల్ల తప్పుతోందో తెలుస్తుంది. కెమెరాను పక్క వల వైపు నుంచి, ప్లేట్‌కు లంబంగా, నడుము ఎత్తులో బిగించాలి. వెనక నుంచి తీసిన వీడియోలో పాదం ఎప్పుడు దిగిందో కనబడదు.